భుజం భరించగల తుపాకి: వెనుదన్ను తక్కువగా ఉండే కార్బైన్ ఎంపిక



తుపాకి పేలినప్పుడు బుల్లెట్ ముందుకు దూసుకుపోయే క్షణంలోనే తుపాకి వెనక్కి జరిగి, కాల్చే వ్యక్తి భుజాన్ని తన్నుతుంది. రీకాయిల్ అని పిలిచే ఈ వెనుదన్నును కొందరు సునాయాసంగా తట్టుకుంటారు, కొందరు తట్టుకోలేరు. తట్టుకోలేని వారిలో సన్నని శరీరం గలవారు, నేర్చుకునే దశలో ఉన్న విద్యార్థులు, వయసు మళ్లినవారు, భుజానికి శస్త్రచికిత్స జరిగినవారు, కీళ్లవాతంతోనో మెడనొప్పితోనో బాధపడేవారు, ఏ వ్యాధీ లేకపోయినా పేలుడు శబ్దానికీ తాకిడికీ ఉలిక్కిపడే స్వభావం గలవారు ఉంటారు. వీరి ఇబ్బందిని పిరికితనంగా కొట్టిపారేయడం, పెద్ద తుపాకితో పదిసార్లు కాలిస్తే అదే అలవాటవుతుందని సలహా ఇవ్వడం తుపాకుల వాడకం ఉన్న చోటల్లా చాలాకాలంగా సాగుతున్న పొరపాటు. వెనుదన్ను తక్కువగా ఉండే కార్బైన్‌ను ఎంచుకోవడం బలహీనతతో రాజీపడటం కాదనీ, గురికీ భద్రతకూ అదే పునాది అనీ, ఆ ఎంపిక తుపాకి పేరును బట్టి గాక దానిని పట్టుకునే మనిషి శరీరాన్ని బట్టి జరగాలనీ వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

కార్బైన్ అంటే స్థూలంగా పొట్టి రైఫిల్. గుర్రంపై స్వారీ చేసే సైనికుడికి పొడవాటి రైఫిల్ అడ్డుపడుతుంది కాబట్టి గొట్టం పొడవు తగ్గించి తయారుచేసిన తుపాకులకు ఆ పేరు వచ్చింది. అశ్వికదళాలు అంతరించిన తరువాత కూడా, తేలికగా, పొట్టిగా ఉండి రెండు చేతులతో పట్టుకుని భుజానికి ఆనించి కాల్చే తుపాకులను అదే పేరుతో పిలుస్తున్నారు. పౌరులు కార్బైన్లను విరివిగా కొని, లక్ష్యసాధనకూ ఆత్మరక్షణకూ వాడే దేశం అమెరికా కావడం వల్ల, ఈ ఎంపిక గురించిన చర్చ ప్రధానంగా అక్కడిదే. అయితే ఈ చర్చకు ఆధారమైన భౌతికశాస్త్రం తెలుగునాట పదో తరగతి దాటిన ప్రతి విద్యార్థికీ పరిచయమైనదే.

ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చే రాశిని ద్రవ్యవేగం అంటారు. పేలుడుకు ముందు తుపాకీ, బుల్లెట్టూ రెండూ నిశ్చలంగా ఉంటాయి కనుక మొత్తం ద్రవ్యవేగం సున్నా. పేలుడు తరువాత కూడా ఆ మొత్తం సున్నాగానే ఉండాలి కనుక, ముందుకు పోయిన బుల్లెట్టూ, దాని వెంట గొట్టంలోంచి ఎగజిమ్మిన వాయువులూ కలిసి ఎంత ద్రవ్యవేగాన్ని తీసుకుపోతాయో అంత ద్రవ్యవేగంతో తుపాకి వెనక్కి కదలాలి. ఆ ద్రవ్యవేగాన్ని తుపాకి బరువుతో భాగిస్తే తుపాకి వెనక్కి జరిగే వేగం తెలుస్తుంది. ఆ వేగం నుంచి లెక్కగట్టిన గతిజ శక్తిని స్వేచ్ఛా వెనుదన్ను శక్తి అంటారు. దానిని జూళ్లలో కొలుస్తారు. వేర్వేరు తుపాకులను పోల్చి చూడడానికి మొదటి కొలబద్ద ఇదే.

ఒక ఉదాహరణ తీసుకుంటే ఈ లెక్క స్పష్టమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పదాతి సైనికుడి ప్రధాన ఆయుధమైన ఎం1 గ్యారండ్ రైఫిల్ సుమారు 4.3 కిలోల బరువు ఉంటుంది. అది దాదాపు 9.7 గ్రాముల బుల్లెట్‌ను సెకనుకు 850 మీటర్ల వేగంతో పంపుతుంది. బుల్లెట్ ద్రవ్యవేగానికి మందు కాలి పుట్టిన వాయువుల వంతును కూడా కలిపి లెక్కిస్తే, రైఫిల్ సెకనుకు మూడు మీటర్లకు కాస్త తక్కువ వేగంతో భుజం మీదికి వస్తుంది. దాని వెనుదన్ను శక్తి దరిదాపుగా 18 జూళ్లు. ఆరోగ్యవంతుడైన యువ సైనికుడికి ఇది భరించగలిగినదే కానీ, రోజంతా సాధన చేస్తే అతని భుజం కూడా కమిలిపోతుంది.

ఆ యుద్ధకాలంలోనే అమెరికా సైన్యం ఒక వాస్తవాన్ని గుర్తించింది. సైన్యంలో లారీలు నడిపేవారు, ఫిరంగుల దగ్గర పనిచేసేవారు, సమాచార తీగలు లాగేవారు, సామగ్రి మోసేవారు, అధికారులు ఉంటారు. వీరందరికీ పెద్ద రైఫిల్ భారమే తప్ప ఉపయోగం తక్కువ. పోనీ పిస్తోలు ఇద్దామంటే దానితో గురి కుదరాలంటే దీర్ఘకాల సాధన కావాలి. ఈ రెంటికీ నడుమ నిలిచే ఆయుధంగా 1941 అక్టోబరులో ఆమోదం పొందినదే ఎం1 కార్బైన్. విన్‌చెస్టర్ సంస్థ రూపొందించిన ఈ తుపాకి బరువు 2.4 కిలోలకు మించదు, పొడవు సుమారు 90 సెంటీమీటర్లు. యుద్ధం ముగిసేనాటికి ఇది 60 లక్షలకు పైగా తయారైంది. తయారుచేసిన సంస్థలలో కార్లు తయారుచేసే జనరల్ మోటార్స్ విభాగాలు, లెక్కల యంత్రాల ఐబీఎం, టైపురైటర్ల అండర్‌వుడ్, పాటల పెట్టెల రాక్-ఓలా కూడా ఉండడం ఆనాటి అవసరం ఎంత విస్తృతమైనదో చెబుతుంది.

ఇక్కడ గమనించవలసిన ఇంజనీరింగ్ వివేకం ఒకటుంది. తుపాకి బరువు తగ్గించడం ఒక్కటే లక్ష్యమైతే, గ్యారండ్ తూటానే 2.4 కిలోల తుపాకిలో పెట్టి కాల్చవచ్చు. కానీ అప్పుడు వెనుదన్ను శక్తి 18 జూళ్ల నుంచి 30 జూళ్లకు పైగా ఎగబాకుతుంది, ఎందుకంటే అదే ద్రవ్యవేగాన్ని తక్కువ బరువు మోయవలసి వచ్చినప్పుడు వేగం పెరుగుతుంది, శక్తి వేగపు వర్గంతో పాటు పెరుగుతుంది. రూపకర్తలు అందుకే తుపాకితో పాటు తూటాను కూడా తగ్గించారు. సుమారు 7 గ్రాముల బుల్లెట్ సెకనుకు 600 మీటర్ల వేగంతో వెళ్లేలా కొత్త తూటా తయారైంది. దాని మందు గ్యారండ్ తూటాలోని మందులో మూడో వంతు కూడా ఉండదు. ఫలితంగా వెనుదన్ను శక్తి 6 జూళ్ల దగ్గరికి, అంటే గ్యారండ్‌లో మూడో వంతుకు దిగింది. వెనుదన్నును శాసించేది ముందుగా తూటా, ఆ తరువాతే తుపాకి అన్న సూత్రానికి ఇంతకన్నా మంచి చారిత్రక సాక్ష్యం దొరకదు.

ఈ సూత్రాన్ని పక్కనబెడితే ఏమవుతుందో బ్రిటిష్ వారి అనుభవం చూపిస్తుంది. బర్మా వంటి అడవి ప్రాంతాల యుద్ధానికి పొట్టి రైఫిల్ కావాలన్న ఆలోచనతో వారు 1944లో లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 5 అనే తుపాకిని తయారుచేశారు. జంగిల్ కార్బైన్‌గా పేరుపొందిన ఈ తుపాకిలో గొట్టాన్ని కుదించారు, చెక్కను చెక్కేశారు, బరువును సుమారు 3.2 కిలోలకు దింపారు, కానీ భారతదేశంలో పోలీసులు దశాబ్దాలపాటు వాడిన పూర్తిస్థాయి .303 తూటాను మాత్రం మార్చలేదు. ఆ తుపాకి దెబ్బను మెత్తబరచడానికి మడమకు, అంటే భుజానికి ఆనే వెనుక భాగానికి, రబ్బరు పట్టీ అమర్చారు. అయితే ఆ పట్టీ మడమ కన్నా సన్నగా, గట్టిగా ఉండడంతో దెబ్బ తక్కువ వైశాల్యం మీద కేంద్రీకృతమై నొప్పి ఎక్కువైంది. కార్బైన్ అన్న పేరు ఉన్నంత మాత్రాన వెనుదన్ను తక్కువని అనుకోకూడదని, తేలికైన తుపాకి, బలమైన తూటా కలిస్తే భుజానికి కీడే జరుగుతుందని ఈ ఉదాహరణ హెచ్చరిస్తుంది.

జూళ్ల లెక్క అవసరమే గాని, దానితోనే సమస్య తీరదు. ఒకే శక్తి ఉన్న రెండు తుపాకులు భుజానికి వేర్వేరుగా తగలవచ్చు. దీనికి కారణం కాలం. అదే ద్రవ్యవేగం ఎక్కువ సమయంలో భుజానికి చేరితే బలం తక్కువగా, తక్కువ సమయంలో చేరితే బలం ఎక్కువగా ఉంటుంది. క్రికెట్ బంతిని పట్టే ఫీల్డరు చేతులను వెనక్కి లాక్కోవడం ఈ నియమాన్ని అనుసరించే. తుపాకి యంత్రాంగం కూడా ఆ పనే చేయగలదు, లేదా చేయలేకపోవచ్చు. ఈ తేడా తెలియాలంటే తుపాకి లోపల జరిగేది కాస్త దగ్గరగా చూడాలి.

ఒక తూటా పేలిన తరువాత ఖాళీ గుల్లను బయటికి నెట్టి, కొత్త తూటాను తనంతట తానే నింపుకునే తుపాకులను సెమీ-ఆటోమేటిక్ తుపాకులు అంటారు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటాయే పేలుతుంది. వీటిలో అన్నిటికన్నా సరళమైన పద్ధతి బ్లోబ్యాక్. ఇందులో తూటా వెనుక బోల్టు అనే బరువైన ఉక్కు దిమ్మ, దాని వెనుక ఒక స్ప్రింగు మాత్రమే ఉంటాయి. బోల్టును గొట్టానికి బిగించే తాళం ఏదీ ఉండదు. పేలుడు వాయువులు గుల్లను వెనక్కి తోస్తే, గుల్ల బోల్టును తోస్తుంది. బుల్లెట్ గొట్టం దాటేలోగా బోల్టు ఎక్కువ దూరం తెరుచుకోకూడదు కాబట్టి, దానిని ఆపేందుకు బోల్టును బరువుగా చేయడం తప్ప మార్గం లేదు. ఆ బరువైన దిమ్మ వెనక్కి పరుగెత్తి తుపాకి వెనుక గోడను ఢీకొన్నప్పుడు భుజానికి రెండో దెబ్బ తగులుతుంది. తిరిగి ముందుకు వచ్చి మూసుకునేటప్పుడు తుపాకి ముందుకు కుదుపుకు లోనవుతుంది. ఇందువల్ల 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాను వాడే బ్లోబ్యాక్ కార్బైన్‌కు లెక్క ప్రకారం రెండు జూళ్ల శక్తి మాత్రమే ఉన్నా, తుపాకి పట్టుకున్నవారికి అది అంతకన్నా మోటుగా అనిపిస్తుంది.

రెండో పద్ధతి వాయుచోదకం. ఇందులో బోల్టు గొట్టానికి తాళం పడి ఉంటుంది. బుల్లెట్ గొట్టంలోని చిన్న రంధ్రాన్ని దాటాక కొద్దిపాటి వాయువు పక్కకు మళ్లి, పిస్టన్‌నో నేరుగా బోల్టు మోసే భాగాన్నో నెట్టి ఆ తాళాన్ని విప్పుతుంది. ఎం1 కార్బైన్‌లో పిస్టన్ కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే కదిలి, దాని వెనుక ఉన్న కడ్డీకి ఒక్క పోటు ఇస్తుంది. తాళం పడిన బోల్టు బరువుగా ఉండనక్కరలేదు. బరువు తగ్గితే లోపలి ఢీకొట్టుడు మెత్తబడుతుంది, బోల్టును చేత్తో వెనక్కి లాగడం కూడా సులువవుతుంది. ఈ రెంటికీ మధ్యస్థంగా, బోల్టు తెరుచుకోవడాన్ని చిన్న రోలర్ల సహాయంతో ఆలస్యం చేసే పద్ధతి ఒకటుంది. జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కాక్ సంస్థ ఎంపీ5 తుపాకి ఈ పద్ధతితోనే 9 మిల్లీమీటర్ల తూటాను మృదువుగా పేలుస్తుంది. సాధారణ బ్లోబ్యాక్‌లోనే మెరుగుదల కోరేవారికి, రూగర్ సంస్థ తన పీసీ కార్బైన్ బోల్టులో అమర్చినట్టుగా, కదిలే టంగ్‌స్టన్ బరువుతో ఢీకొట్టుడును నిమ్మళింపజేసే ఏర్పాటు ఒక ఉపాయం.

ఈ రెండు సూత్రాలనూ, అంటే తూటా బలాన్నీ యంత్రాంగాన్నీ కలిపి చూస్తే, వెనుదన్ను పట్ల సున్నితమైన వ్యక్తి ముందు నాలుగు దారులు కనిపిస్తాయి.

మొదటిది .22 లాంగ్ రైఫిల్ తూటా. 2.6 గ్రాముల చిన్న బుల్లెట్, చిటికెడు మందు ఉన్న ఈ తూటాను సుమారు 2.3 కిలోల రూగర్ 10/22 కార్బైన్‌లో పేలిస్తే వెనుదన్ను శక్తి పావు జూలు దరిదాపుల్లో ఉంటుంది. భుజానికి అది తాకిడిగా కూడా తోచదు. 1964లో వచ్చిన ఆ కార్బైన్ అమెరికాలో కొత్తవారు నేర్చుకునే తుపాకులలో అగ్రస్థానంలో ఉండడానికి కారణం ఇదే. తూటా కూడా చవక కనుక సాధనకు ఖర్చు అడ్డు కాదు. ఈ తూటా అంచులో మండే పదార్థం ఉండడం వల్ల అప్పుడప్పుడూ పేలకుండా మొరాయించడం, ఆత్మరక్షణకు దాని శక్తి పరిమితంగా ఉండడం దీని లోపాలు. అయినా నేర్చుకోవడానికి దీనికన్నా మంచి మొదటి మెట్టు లేదు.

రెండోది పిస్తోలు తూటాల కార్బైన్. 9 మిల్లీమీటర్ల తూటా గురించి ఇప్పటికే చెప్పుకోవడమైంది. ఇదే వర్గంలో, లీవర్‌ను చేత్తో కిందికి దించి పైకి లేపి తూటా మార్చే పాతకాలపు కార్బైన్లు కూడా వస్తాయి. .357 మ్యాగ్నమ్ కోసం తయారైన లీవర్ తుపాకిలో దానికన్నా బలహీనమైన .38 స్పెషల్ తూటాను కూడా కాల్చవచ్చు. మూడు కిలోల తుపాకిలో ఆ చిన్న తూటా చాలా నెమ్మదిగా తన్నుతుంది. యంత్రాంగం కదలికంతా కాల్చేవారి చేతిలోనే ఉండటం వల్ల లోపలి కుదుపులు ఉండవు. అయితే చేతివేళ్లలో, మణికట్టులో కీళ్లవాతం ఉన్నవారికి లీవర్ ఆడించడం కష్టం కావచ్చు.

మూడోది .223 రెమింగ్టన్ తూటా, దాని సైనిక రూపమైన 5.56 మిల్లీమీటర్లు. మూడున్నర గ్రాముల బుల్లెట్ సెకనుకు 900 మీటర్లకు పైగా వేగంతో వెళుతుంది, కానీ దాని వెనుదన్ను శక్తి మూడు కిలోల ఏఆర్-15 తరహా కార్బైన్‌లో 5 జూళ్ల చుట్టూ ఉంటుంది. యూజీన్ స్టోనర్ రూపొందించిన ఈ తుపాకిలో గొట్టం, బోల్టు, స్ప్రింగు, మడమ అన్నీ దాదాపు ఒకే సరళరేఖలో ఉంటాయి. తన్ను నేరుగా వెనక్కి వస్తుంది కనుక గొట్టం కొస పైకి ఎగరడం తగ్గుతుంది. 1962లో అమెరికా రక్షణశాఖ ఈ తుపాకులను దక్షిణ వియత్నాం సైనికులకు ఇచ్చి పరీక్షించినప్పుడు, చిన్న శరీరాలు గల ఆ సైనికులకు బరువైన రైఫిళ్ల కన్నా ఇవి అనువుగా ఉంటాయన్నది ప్రధాన వాదనల్లో ఒకటి. ఈ తరహా తుపాకిలో గొట్టం మీద వాయురంధ్రం ఎంత దూరంలో ఉంటే ఒత్తిడి అంత తగ్గాక వాయువు బోల్టుకు చేరుతుంది. అందుకే వాయువును బోల్టుకు మోసే నాళం పొట్టిగా ఉన్న కార్బైన్ కన్నా మధ్యస్థ నాళం గల కార్బైన్ మృదువుగా పనిచేస్తుంది. అయితే దీని శబ్దం మాత్రం .22 కన్నా చాలా ఎక్కువ.

నాలుగోది చరిత్రలో చెప్పుకున్న ఎం1 కార్బైన్ నమూనా. ఇప్పటికీ ఆ నమూనాలో కొత్త తుపాకులు తయారవుతున్నాయి. తేలిక బరువు, సరళమైన పట్టు దీని బలాలు. తూటా ఖరీదు, లభ్యత దీని పరిమితులు.

తూటా, యంత్రాంగం నిర్ణయమైన తరువాత తుపాకి కొలతలు చూడాలి. ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేదీ, నొప్పికి ఎక్కువగా కారణమయ్యేదీ ఇదే. ట్రిగ్గర్ నుంచి మడమ చివర వరకు ఉండే దూరాన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. సాధారణ రైఫిళ్లలో ఇది సుమారు 34 సెంటీమీటర్లు ఉంటుంది. చేతులు పొట్టిగా ఉన్న వ్యక్తి ఇంత పొడవైన మడమను భుజానికి ఆనించాలంటే నడుము నుంచి పైభాగాన్ని వెనక్కి వంచవలసి వస్తుంది. మడమ భుజం గుంతలో కుదరకుండా కండ మీదికి, ఒక్కోసారి కాలర్‌బోన్ మీదికి జారుతుంది. అప్పుడు ఐదు జూళ్ల తన్ను కూడా ఎముక మీద పోటులా తగులుతుంది. రెండు, మూడు సెంటీమీటర్లు తగ్గించగలిగే మడమ ఉన్న కార్బైన్ ఈ బాధను మందు కన్నా బాగా తీరుస్తుంది. మడమ వెడల్పుగా ఉండాలి, దానికి మెత్తని రబ్బరు దిండు ఉండాలి. చెంప ఆనించే చోటు మరీ కిందికి వాలి ఉంటే గొట్టం కొస ఎగిరినప్పుడు చెక్క చెంపను కొడుతుంది కనుక, ఆ వాలు తక్కువగా ఉండాలి.

బరువు విషయంలో రెండు అవసరాలు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. బరువు పెరిగితే వెనుదన్ను తగ్గుతుంది, కానీ బలహీనమైన చేతులు ఆ బరువును ఎక్కువసేపు ఎత్తి పట్టుకోలేవు. చేతులు వణికినప్పుడు గురి చెదురుతుంది. మూడు కిలోల చుట్టూ ఉండి, ఆ బరువులో ఎక్కువభాగం గొట్టం కొసన గాక రెండు చేతుల మధ్య ఉండే కార్బైన్ చాలామందికి అనుకూలం. దుకాణంలో ఖాళీ తుపాకిని భుజానికి ఆనించి అర నిమిషం కదలకుండా నిలపగలగడం, బోల్టును మూడు నాలుగుసార్లు వెనక్కి లాగగలగడం, మ్యాగజైన్‌లో తూటాలు నింపేటప్పుడు బొటనవేలు నొప్పి పెట్టకపోవడం అనే మూడు పరీక్షలు కాగితం మీది గణాంకాల కన్నా ఎక్కువ చెబుతాయి. బోల్టును లాగలేని వ్యక్తి ఆ తుపాకిలో తూటా ఇరుక్కుంటే దానిని సురక్షితంగా ఖాళీ చేయలేడు. అలాంటి తుపాకి వెనుదన్ను ఎంత తక్కువైనా అతనికి తగదు.

వెనుదన్ను తగ్గించే సాధనాల గురించి కూడా జాగ్రత్త కావాలి. గొట్టం కొసకు బిగించే మజిల్ బ్రేక్ వాయువులను పక్కలకూ వెనక్కూ మళ్లించి తన్నును బాగా తగ్గిస్తుంది. కానీ అదే వాయువు శబ్దాన్ని కూడా కాల్చేవారి చెవుల వైపూ, పక్కన నిలబడినవారి వైపూ పంపుతుంది. 140 డెసిబెళ్లు దాటిన పేలుడు శబ్దం ఒక్కసారికే వినికిడికి హాని చేయగలదు, తూటా అడుగు మధ్యలో మండే పదార్థం ఉండే సెంటర్‌ఫైర్ రైఫిళ్ల శబ్దం ఆ హద్దును చాలా మించుతుంది. వెనుదన్నుకు భయపడుతున్నట్టు కనిపించే చాలామంది నిజానికి శబ్దానికీ, ముఖానికి తగిలే గాలిదెబ్బకూ ఉలిక్కిపడుతుంటారు. చెవిలో స్పాంజి ప్లగ్, దాని పైన చెవులను కప్పే మఫ్ రెండూ ఉంచితే అదే తుపాకి వారికి సగం భారం తగ్గినట్టు తోస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చట్టబద్ధంగా దొరికే సప్రెసర్ శబ్దాన్నీ తన్నునూ రెంటినీ తగ్గిస్తుంది కానీ, అది 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ చట్టం కింద నియంత్రణకు లోబడి ఉంటుంది. 16 అంగుళాల కన్నా పొట్టి గొట్టం గల రైఫిల్ కూడా అదే చట్టం పరిధిలోకి వస్తుంది.

ఆరోగ్య పరిస్థితుల విషయంలో వైద్యుడి మాట తప్పనిసరి. గుండెకు అమర్చే పేస్‌మేకర్ సాధారణంగా ఎడమ కాలర్‌బోన్ కింద ఉంటుంది కనుక, ఎడమ భుజం నుంచి కాల్చే వ్యక్తి ఆ విషయాన్ని తేలికగా తీసుకోకూడదు. కంటి వెనుక పొర విడిపోయి చికిత్స పొందినవారు, ఎముకలు పలచబడినవారు, మెడ వెన్నుపూసల సమస్య ఉన్నవారు కూడా ముందుగా వైద్యుడిని సంప్రదించాలి. అలాంటి వారిలో కొందరికి .22 తూటా గాని, గాలితో పనిచేసే ఎయిర్ రైఫిల్ గాని మాత్రమే సరైన ఎంపిక కావచ్చు.

ఇంతగా వెనుదన్ను గురించి చెప్పడానికి ప్రధాన కారణం ఉలికిపాటు. తన్ను రాబోతున్నదని మెదడు ముందే ఊహించి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకునేలా, భుజాన్ని ముందుకు తోసేలా, చేతిని బిగించేలా చేస్తుంది. దీనిని ఫ్లించ్ అంటారు. గురి తప్పడం దీని చిన్న నష్టం మాత్రమే. కళ్లు మూసుకున్న వ్యక్తి బుల్లెట్ ఎటు వెళ్లిందో చూడలేడు, తుపాకి కొస ఎటు తిరిగిందో గమనించలేడు. తుపాకి భద్రతా నియమాలన్నీ, అంటే ప్రతి తుపాకినీ నిండినదిగానే భావించడం, కాల్చదలచనిదాని వైపు గొట్టం తిప్పకపోవడం, గురి కుదిరేవరకు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకపోవడం, లక్ష్యాన్నీ దాని వెనుక ఉన్నదాన్నీ తెలుసుకోవడం, కళ్లు తెరిచి ఉన్న మనిషికే సాధ్యం. అందుకే వెనుదన్ను ఎంపిక భద్రత ఎంపిక కూడా.

ఫ్లించ్‌ను బయటపెట్టి సరిదిద్దడానికి శిక్షకులు వాడే ఒక పద్ధతి ఎంతో సరళమైనది. పేలని డమ్మీ తూటాలను నిజమైన తూటాల మధ్య, శిష్యుడికి తెలియకుండా కలిపి మ్యాగజైన్ నింపుతారు. డమ్మీ వచ్చినప్పుడు తుపాకి పేలదు, కానీ తన్ను ఊహించిన భుజం ఎలా కుదుపుకు లోనయిందో, గొట్టం కొస ఎలా కిందికి వంగిందో అందరికీ కనిపిస్తుంది. ఆ కుదుపు ఆగేవరకు చిన్న తూటాతోనే సాధన సాగించి, ఆ తరువాత మాత్రమే పెద్ద తూటాకు మారడం మంచి శిక్షణ లక్షణం. పెద్ద తూటాతో మొదలుపెట్టి శరీరాన్ని లొంగదీయాలనే శిక్షణ ఫ్లించ్‌ను పుట్టించి, ఏళ్ల తరబడి వదలని అలవాటుగా స్థిరపరుస్తుంది.

తెలుగునాట ఈ వివేకం ఎన్‌సీసీ శిబిరాల ద్వారా వేలమంది విద్యార్థులకు ఇప్పటికే పరిచయమై ఉంది. ఆ శిబిరాల్లో అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా మొదట చేతికిచ్చేది .22 రైఫిలే. నేల మీద బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా ట్రిగ్గర్ నొక్కడం నేర్చుకునే ఆ విద్యార్థికి తన్ను అడ్డు కాకపోవడం వల్లనే గురి మీద మనసు నిలుస్తుంది. హైదరాబాదు నుంచి ఎదిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన పోటీ పది మీటర్ల ఎయిర్ రైఫిల్. అందులో వెనుదన్ను లేనట్టే లెక్క. గురి అనే కళకు బలమైన తన్ను ఏమాత్రం అవసరం లేదని ఇంతకన్నా గట్టిగా ఎవరూ నిరూపించలేరు.

భారతదేశంలో పౌరులు తుపాకి ఉంచుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టానికీ, 2016 నాటి నియమాలకూ లోబడి, లైసెన్సుతోనే సాధ్యం. తనంతట తానే తూటా నింపుకునే రైఫిళ్లు ఎక్కువగా నిషిద్ధ తరగతిలోకి వస్తాయి. కనుక ఇక్కడ ఆసక్తి గలవారికి గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులు, ఎయిర్ రైఫిల్ రేంజీలే సరైన తోవ. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం ఈ ఎంపిక నిత్యజీవితంలో ఎదురయ్యే ప్రశ్న కావచ్చు. చట్టం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉంటుంది కనుక ఉన్న ఊరి నియమాలు ముందుగా తెలుసుకోవాలి. ఇంట్లో పిల్లలు ఉంటే తుపాకిని ఖాళీ చేసి, తాళం వేసిన పెట్టెలో, తూటాలను వేరే తాళం కింద ఉంచడం తప్పనిసరి. వెనుదన్ను తక్కువైన తుపాకిని పెద్దవారు సులువుగా వాడగలిగినట్టే పిల్లల చేతులూ సులువుగా వాడగలవని మరవకూడదు.

ఈ చర్చ సారాన్ని ఒక క్రమంలో చెప్పవచ్చు. ముందుగా వ్యక్తి శరీరాన్ని, ఆరోగ్యాన్ని, అవసరాన్ని చూడాలి. ఆ అవసరాన్ని తీర్చగల తూటాలలో బలం తక్కువైనదానిని ఎంచాలి. ఆ తూటాను మృదువుగా పేల్చే యంత్రాంగాన్ని వెతకాలి. మడమ పొడవు, బరువు, బోల్టు లాగడానికి పట్టే శ్రమ ఆ వ్యక్తికి సరిపోతాయో లేదో స్వయంగా పట్టుకుని పరీక్షించాలి. వీలైతే కొనడానికి ముందు రేంజిలో అద్దెకు తీసుకుని కొన్ని తూటాలు కాల్చి చూడాలి. చివరి తూటా దాకా కళ్లు తెరిచి, ముఖం చిట్లించకుండా కాల్చగలిగితే అదే ఆ వ్యక్తికి తగిన కార్బైన్. అలా కాల్చలేకపోతే ఆ తుపాకి ఎంత ప్రసిద్ధమైనదైనా, ఎందరు మెచ్చుకున్నదైనా పక్కన పెట్టి, ఇంకో మెట్టు చిన్న తూటాకు దిగడమే బాధ్యత గల నిర్ణయం.